ఎదురింటి గోడ వెలుతురు

వార్డు ఎన్నికల తేదీ ప్రకటించిన రోజు మధ్యాహ్నమే మా ఆయన నిచ్చెన మీద నుంచి పడ్డాడు. స్టూడియోలో కొత్త తెర బిగించడానికి ఎక్కాడు. తెర బిగిసింది, ఆయన జారాడు. కుడి చెయ్యి రెండు చోట్ల విరిగింది. డాక్టరు మోచేతి పైదాకా కట్టు కట్టి, "ఆరు వారాలు చెంచా కూడా ఎత్తకండి" అన్నాడు.

"ఆరు వారాలా? పోలింగు ఐదు వారాల్లో ఉందండీ!" అన్నాడు మా ఆయన.

"అయితే ఓటు ఎడమచేత్తో వెయ్యండి," అన్నాడు డాక్టరు, తరవాతి రోగిని పిలుస్తూ.

ఎన్నికలంటే మా స్టూడియోకి కోతల కాలం. మామూలు రోజుల్లో ఉద్యోగాల దరఖాస్తులకి తప్ప ఫోటో తీయించుకోని జనం అప్పుడు మాత్రం వరసకట్టి వస్తారు. నిలబడేవాళ్ళు వస్తారు, నిలబెట్టేవాళ్ళు వస్తారు, పోస్టర్లో ఓ మూల తమ ముఖం కూడా పడాలనుకునేవాళ్ళు అంతకు రెట్టింపు వస్తారు. పంట ఒరిగిపోతుంటే కొడవలి పట్టే మనిషి లేని పొలంలా ఉంది ఆ సాయంత్రం మా ఇల్లు.

"నేను తీస్తాను," అన్నాను.

ఆయన కట్టు ఉన్న చేతిని దిండు మీద సర్దుకుంటూ నా వైపు చూశాడు. పన్నెండేళ్ళుగా ఆ స్టూడియోలో నా చోటు కంప్యూటర్ ముందు. ఆయన తీసిన ముఖాల మీద మచ్చలు చెరిపేదాన్ని, ప్రింట్లు కత్తిరించేదాన్ని. వార్డులో సగం మంది మొటిమలు నాకు కంఠతా వచ్చు. కెమెరా మాత్రం ఆయనది.

"లైట్లు?" అన్నాడు.

"మీరు కుర్చీలో కూర్చుని చెప్పండి. నేను తిప్పుతాను."

మర్నాడు పొద్దున్నే మొదట వచ్చింది రోడ్డుకు అవతల బేకరీ నడిపే అక్క. ఏ పార్టీ లేకుండా సొంతంగా నిలబడుతోంది. నలుగురు మనుషుల పని ఒక్కతే చేసే మనిషి. మాట్లాడుతుంటే పొయ్యి తలుపు తీసినట్టు సెగ తగులుతుంది. స్టూడియోలో స్టూలు మీద నిటారుగా కూర్చుని, "త్వరగా కానియ్యి తల్లీ, పొయ్యిలో బన్నులున్నాయి" అంది.

మా ఆయన మూల కుర్చీలోంచి మొదలుపెట్టాడు. "ఎడమ లైటు వెనక్కి. నీ వెనక్కి కాదు, దాని వెనక్కి. లైటు మీది గొడుగు వంచు. మరీ అంత వంచకు. ఇప్పుడు కుడిది. అబ్బా, కుడిదంటే నా కుడి కాదు, ఆవిడ కుడి!"

నా ఎడమ, ఆయన కుడి, అక్క ఎడమ అన్నీ కలిసి చిక్కుపడిపోయాయి. ఆరు ఫోటోలు తీశాను. ఆరింటిలోనూ అక్క నుదురు తోమిన ఇత్తడి చెంబులా మెరుస్తోంది. వెనక తెర మీద నల్లటి నీడ, మెడ పక్కనుంచి రెండో మనిషి తొంగి చూస్తున్నట్టు పడింది.

అక్క కెమెరా తెర మీదకు వంగి చూసింది. "ఓట్లు అడుగుతున్నట్టు లేదమ్మా ఇది. దొంగ దొరికిందని పేపర్లో వేసినట్టుంది."

ఆమె మెయిన్ రోడ్డులో ఉన్న ఇంకో స్టూడియోకి వెళ్ళిపోయింది. తరవాత వచ్చిన ఇద్దరూ ఆవిడ వెనకాలే నడిచారు. పన్నెండింటికి నేను ఏ మీట నొక్కానో ఏమో, టప్పుమని ఫ్యూజు పోయి స్టూడియో అంతా చీకటైంది. ఆ చీకట్లోంచి మా ఆయన గొంతు వినిపించింది: "నీ తప్పేం లేదులే." తప్పంతా నాదేనని అంత మర్యాదగా ఇంకెవరూ చెప్పలేరు.

ఏడుపు వచ్చేలా ఉంది. మెళ్ళో కెమెరా తియ్యకుండానే మెట్లెక్కి పైకి పోయాను. కింద స్టూడియో, పైన ఇల్లు. మేడ మీద ముందుగదిలో రోడ్డు వైపు పెద్ద కిటికీ ఉంది. నాలుగు చెక్క రెక్కలు, మోకాలి ఎత్తున వెడల్పాటి దిమ్మ. అది ఉత్తరపు కిటికీ కాబట్టి ఎండ లోపలికి రాదు. కానీ ఎదురుగా బేకరీ మేడ గోడ తెల్ల సున్నంతో ఉంటుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండంతా దాని మీదే. ఆ గోడ నుంచి తిరిగి వచ్చే వెలుతురు రోడ్డు దాటి మా గదిలోకి, వేడి చల్లార్చి వడగట్టినట్టు మెత్తగా దిగుతుంది.

కిటికీ పక్కన పేము కుర్చీలో అత్తయ్య కూర్చుని, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని పేపర్లో అభ్యర్థుల జాబితా చదువుతోంది. ఒక్కో పేరుకీ ఒక వ్యాఖ్య. "వీడా! వీడికి వాళ్ళింట్లోనే ఓటు పడదు." తల కాస్త కిటికీ వైపు తిప్పి ఉంది. వెలుతురున్న చెంప వెన్నలా ఉంది. అవతలి చెంప ఎక్కడ మొదలై ఎక్కడ నీడలో కలుస్తుందో గీత గీసి చెప్పలేం. నుదుటి మీద ముడతలు ఒక్కోటీ కనిపిస్తున్నాయి. పన్నెండేళ్ళుగా ముడతలు చెరిపి పొట్టపోసుకున్న నాకు, మొదటిసారి వాటిలో ఒక్కటి కూడా చెరపాలనిపించలేదు.

"ఏంటమ్మాయ్ అలా గుడ్లప్పగించి చూస్తున్నావ్? కింద ఏం తగలబెట్టావ్?" అని తలెత్తింది. నొక్కాను.

ఫోటో చూపిస్తే కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసింది. "ఇది నేనేనా? ఇంత బావుంటానని మీ మామయ్య ఒక్కరోజు కూడా చెప్పలేదే!"

కెమెరా తీసుకెళ్ళి మా ఆయన చేతిలో పెట్టాను. ఎడమ బొటనవేలితో పెద్దది చేసి చూశాడు. కన్ను, చెంప, మెడ, చెవి దగ్గరి వెంట్రుకలు.

"లైటు ఎక్కడ పెట్టావు?"

"పెట్టలేదు. కిటికీ."

కెమెరా నాకు తిరిగి ఇచ్చేశాడు. "కిటికీ దగ్గర ఎవరైనా తీస్తారు. కిటికీ ఉన్న ప్రతివాడూ ఫోటోగ్రాఫరైతే స్టూడియో ఎందుకు, నేనెందుకు? సాయంత్రం ఐదు దాటితే ఏం చేస్తావు? మబ్బు పడితే ఏం చేస్తావు?"

"ఐదు దాటితే తియ్యను. మబ్బు సంగతి మబ్బొచ్చినప్పుడు."

నాలుగు రోజులు అత్తయ్య మీద నేర్చుకున్నాను. కుర్చీ కిటికీకి మరీ దగ్గరైతే ముఖం సగమే మిగులుతుంది. మరీ దూరమైతే గదిలో నీడలన్నీ వచ్చి ఒళ్ళో కూర్చుంటాయి. మధ్యలో ఒక చోటుంది. అక్కడ నేల మీద సుద్దముక్కతో గుండ్రంగా గీత గీశాను. చీకటి చెంప మరీ నల్లబడుతుంటే అటువైపు తెల్ల దుప్పటి పట్టుకుంటే చాలు, వెలుతురు దాని మీద పడి వెనక్కి తిరుగుతుంది. దుప్పటి ఎవరు పట్టుకోవాలన్నదే సమస్య.

"నేనున్నాగా," అంది అత్తయ్య. "ఈ ఇంట్లో ఇన్నేళ్ళూ దుప్పట్లు ఉతికి, పిండి, ఆరేసింది ఎవరనుకున్నావ్? పట్టుకు నిలబడ్డం ఓ పనా?"

ఒక్క షరతు పెట్టింది. చెప్పులు మెట్ల కిందే వదలాలి. అభ్యర్థి అయినా సరే, ఆయన తాత అయినా సరే.

కొత్త పద్ధతిలో మొదట వచ్చింది లెక్కల మాస్టారు. బడి నుంచి రిటైరై రెండేళ్ళయింది, ఈసారి ఎన్నికల్లో ఆయనా నిలబడ్డాడు. వార్డులో నలభై ఏళ్ళ లోపు వాళ్ళందరూ ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే, అంటే ఆయన చేత చీవాట్లు తిన్నవాళ్ళే. మనిషి సుద్దముక్కలా సన్నగా, తెల్లగా, పొడవుగా ఉంటాడు. పైకి వస్తూనే కింద కుర్చీలో ఉన్న మా ఆయనతో, "చెయ్యి విరిగిందా? ఎన్ని డిగ్రీల కోణంలో పడ్డావు?" అని అడిగి మరీ వచ్చాడు.

సుద్ద గీతలో కుర్చీ వేశాను. కూర్చున్నాడు. వెలుతురు బావుంది, దుప్పటి బావుంది, మాస్టారు మాత్రం బోర్డు మీద తప్పు లెక్క కనిపించినట్టు చూస్తున్నాడు. కనుబొమలు రెండూ కలిసి ఒకటే గీత. ఆ ముఖం గోడకి అంటిస్తే ఓటర్లు హోంవర్కు చెయ్యలేదని గుర్తొచ్చి పక్క సందులోంచి పోతారు.

"కాస్త నవ్వండి మాస్టారూ."

"కారణం?"

దుప్పటి వెనక నుంచి అత్తయ్య గొంతు వచ్చింది. "బాబూ, చిన్నప్పుడు మీ ఇంట్లో నిన్ను ఏమని పిలిచేవాళ్ళు?"

మాస్టారు తల తిప్పాడు. "ఎందుకండీ?"

"ఊరికే. ప్రతివాళ్ళకీ ఓ పేరుంటుందిగా. మా వాణ్ణి 'బొబ్బట్టు' అనేవాళ్ళం, ఒకటే బొబ్బలు, ఏడుపూ." కింద నుంచి మా ఆయన దగ్గు వినిపించింది.

మాస్టారు కిటికీ వైపు చూశాడు. పెదవి చివర ఏదో కదిలింది. "గుమ్మడి," అన్నాడు మెల్లగా. "మా నాయనమ్మ అనేది. అప్పుడు గుండ్రంగా ఉండేవాణ్ణండీ. దొర్లించుకుంటూ తీసుకెళ్ళొచ్చని..." ఇంకా ఏదో చెప్పబోయి, చెప్పలేక నవ్వేశాడు. కనుబొమలు విడిపోయాయి. అరవై ఏళ్ళ ముఖంలోంచి ఆరేళ్ళ ముఖం బయటికొచ్చింది. నొక్కాను.

ఆ ఫోటో పోస్టరై మూడో రోజుకి వార్డంతా గోడలెక్కింది. జనం ఆగి ఆగి చూశారు. "మాస్టారు నవ్వుతాడా!" అని ఒకరు, "ఇది అచ్చు తప్పేమో" అని ఇంకొకరు. గుమ్మడి సంగతి బయటపెట్టనని అత్తయ్య ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టు దాదాపు ఒక పూట నిలబడింది.

ఇక మా మెట్ల కింద చెప్పులు ఆగలేదు. దర్జీ వచ్చి కూర్చుని, ఫోటో తీసినంతసేపూ నా జాకెట్టు కుట్టు వంకరుందని చెబుతూనే ఉన్నాడు. అతన్ని ఇంట్లో 'నత్త' అనేవాళ్ళట, ఇప్పటికీ బట్టలు సమయానికి ఇవ్వడు. పోస్టాఫీసులో పనిచేసే ఆవిడ పేరు 'పిడుగు'. ఒక పార్టీ మనిషి కెమెరా ముందు పెదవి విప్పలేదు గానీ, ఫోటో అయ్యాక మెట్లు దిగుతూ తిరిగొచ్చి అత్తయ్య చెవిలో చెప్పిపోయాడు. ఒకరి చెప్పులు ఒకరు తొడుక్కుపోయేవాళ్ళు. మాస్టారు ఒక వారమంతా ఎవరిదో ఎర్ర పట్టీల జోడుతోనే ప్రచారం చేశాడు.

ఇంత సందడిలోనూ మా ఆయన కింద కుర్చీ వదిలి రాలేదు. వచ్చినవాళ్ళు తలుపు దగ్గర ఆగి, "కిటికీ ఆవిడ ఉన్నారా?" అని ఆయన్నే అడిగేవాళ్ళు.

"పైన," అనేవాడు. అంతే, ఒక్క మాట.

రాత్రి భోజనాల దగ్గర నేను ఆ రోజు ఫోటోలు చూపిస్తే చూసేవాడు. "బావుంది" అనేవాడు. ఎక్కడ బావుందో, ఎక్కడ బాలేదో చెప్పేవాడు కాదు. పన్నెండేళ్ళలో ఆయన నాకు ఒక ఫోటో గురించి వంక చెప్పకుండా ఉండటం అదే మొదటిసారి. ఆ మంచితనం నాకు ముద్ద దిగనిచ్చేది కాదు.

పోలింగుకి పదిరోజులుందనగా, ఒక పొద్దున కుర్చీలో ఒకావిణ్ణి కూర్చోబెట్టి ఫోటో తీసి చూసుకున్నాను. ముఖం పచ్చగా ఉంది. ఒంట్లో బాలేదేమో అనుకున్నాను. తరవాత కూర్చున్నాయనా పచ్చగానే ఉన్నాడు. అత్తయ్య వైపు చూశాను. ఆవిడ చేతిలో తెల్ల దుప్పటీ పచ్చగానే ఉంది. అప్పుడు కిటికీలోంచి బయటికి చూశాను.

బేకరీ మేడ గోడకి చిలకాకుపచ్చ రంగు పడింది. పొద్దున్నే వేసినట్టున్నారు, ఇంకా తడిగా నిగనిగలాడుతోంది. దాని మీద మనిషెత్తు అక్షరాలు: 'ఈ వార్డుకి వెలుగు తెచ్చేది నేనే'. గోడలకు చెవులుంటాయని విన్నాను గానీ, రోడ్డు దాటి వచ్చి ముఖాలకి రంగులు పూస్తాయని ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు ఎనిమిది మందిని వెనక్కి పంపి, కొంగు బిగించి బేకరీకి వెళ్ళాను. అక్క పిండి మీద పిడిగుద్దులు గుద్దుతోంది.

"అక్కా, ఆ గోడ..."

"ఎలా ఉంది? చూపు తిప్పుకోలేరుగా!" అంది గర్వంగా. మళ్ళీ నేను మాట్లాడేలోపే, "నీతో నాకూ పనుందమ్మాయ్. ఆ మెయిన్ రోడ్డు వాడు నా ముఖాన్ని ముద్ద మైనం చేశాడు. మాస్టారికి తీసినట్టు నాకూ తియ్యి. ఎల్లుండి పొద్దున కల్లా ప్రెస్సుకివ్వాలి. నీ మీద నాకు కోపం లేదులే."

"తీస్తానక్కా. కానీ మీ గోడ అలా ఉండగా తియ్యలేను. రంగు ముఖం మీద పడుతోంది."

"గోడ ఇవతల, నీ గది అవతల. మధ్యలో రోడ్డు. ఎలా పడుతుందే? ఆ మాస్టారు నేర్పించాడా ఈ మాట?"

"రండి, చూద్దురు గానీ."

చేతి పిండి తుడుచుకుంటూనే వచ్చింది. చెప్పులు విడిచి, మెట్లెక్కి, సుద్ద గీతలో కూర్చుంది. తీసి చూపించాను. అక్క తన ముఖాన్ని తాను చాలాసేపు చూసుకుంది. అత్తయ్య దుప్పటిని గుండెకి హత్తుకుని నిలబడింది.

"కాకరకాయ," అంది అక్క చివరికి.

ఎవరూ నవ్వడానికి ధైర్యం చెయ్యలేదు. ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి తన గోడని, ఆ మనిషెత్తు అక్షరాల్ని చూసింది. "ఇక్కడ కూర్చునే ప్రతివాడి ముఖం మీదా నా రంగు పడుతోందన్నమాట. మాస్టారికి ఓటేసేవాడి ముఖం మీద కూడా." ఆ ఆలోచన ఆమెకి కాసేపు నచ్చినట్టే ఉంది. అంతలో గుమ్మంలో అప్పుడే వచ్చి తన వంతు కోసం నిలబడ్డ పోస్టాఫీసు ఆవిడ కూతురు కనిపించింది. మొదటి ఉద్యోగం దరఖాస్తు, చేతిలో కవరు, తలకి నూనె రాసి దువ్వుకుని వచ్చింది. అక్క ఆ పిల్లని చూసింది, గోడని చూసింది.

"పెయింటరుకి ఫోన్ చెయ్యండి," అంది ఎవరితోనో కాదు, కిటికీతోనే. "తెల్ల సున్నం తెమ్మనండి."

అక్క తరఫున తిరిగే వాళ్ళంతా లబోదిబోమన్నారు. అంత పెద్ద నినాదం, అంత ఖరీదైన చోటు, ప్రత్యర్థి ఫోటోలు తీసిన స్టూడియో కోసం చెరిపేస్తారా అన్నారు. అక్క వినలేదు. "వెలుగు తెస్తానని రాశానుగా? తెస్తుంటే అడ్డమేంటి?" అని పెయింటరు పక్కనే నిలబడి రెండు పూతలు వేయించింది. పచ్చదనం పూర్తిగా మునగడానికి మర్నాడు మధ్యాహ్నం దాకా పట్టింది.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే మబ్బు పట్టింది.

ఉత్త మబ్బు కాదు. ఆకాశం మొత్తం తడిసిన గోనెపట్టాలా కిందికి వేలాడింది. గోడ తెల్లగానే ఉంది, దాని మీద పడటానికి ఎండే లేదు. అక్క పొందిగ్గా తయారై వచ్చి కూర్చుంది. తీశాను, బొగ్గు గదిలో తీసినట్టు వచ్చింది. మీటలేవో తిప్పి మళ్ళీ తీశాను, ముఖమంతా ఇసక చల్లినట్టు గరుగ్గా వచ్చింది. పోస్టరు సైజుకి అది పనికిరాదు. మూడోసారి కెమెరా కదిలి అక్కకి మూడు ముక్కులొచ్చాయి.

"ఏమైంది?" అంది అక్క.

"ఒక్క నిమిషం," అన్నాను. నిమిషమైతే ఏమవుతుందో నాకే తెలియదు. రేపు పొద్దున ప్రెస్సు. ఈవిడ నా కోసం గోడ చెరుపుకుంది.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. నిదానంగా, ఒక్కో మెట్టూ ఆగి ఎక్కుతున్న అడుగులు. మా ఆయన. కట్టు ఉన్న చెయ్యి మెడకి వేలాడుతోంది, ఎడమ చంకలో మూడు కాళ్ళ స్టాండు. దాన్ని నేల మీద దించి, గది మొత్తం ఒకసారి చూశాడు. కిటికీని, సుద్ద గీతని, తల్లి చేతిలో దుప్పటిని.

"కుర్చీ ఇంకో మూరెడు కిటికీ దగ్గరికి జరుపు," అన్నాడు. "గీత మంచి ఎండ రోజుకి గీసుకున్నావు. మబ్బు రోజు గీత వేరే ఉంటుంది."

జరిపాను. స్టాండు కాళ్ళు విప్పి కెమెరా బిగించాను. ఆయన ఎడమచేత్తో నా పక్కనుంచి ఒక మీట తిప్పాడు.

"వెలుతురు తక్కువైనప్పుడు కాలం ఎక్కువివ్వాలి. ఇప్పుడిది అర సెకను తెరుచుకుని ఉంటుంది. ఆ అర సెకనూ ఆవిడ కదలకూడదు."

"సన్న మంట మీద వండినట్టు," అన్నాను.

"అలాగే అనుకో."

"కదలకపోతే నవ్వెలా?" అంది అత్తయ్య, తన ఉద్యోగానికే ఎసరొచ్చినట్టు.

"నవ్వించమ్మా," అన్నాడు ఆయన. తరవాత నాతో మెల్లగా, నాకొక్కదానికే వినిపించేలా అన్నాడు. "నవ్వుతుంటే తియ్యకు. నవ్వు అయిపోయాక ముఖంలో కాస్త మిగులుతుంది చూడు, అప్పుడు మనిషి కదలదు. అది తియ్యి."

పన్నెండేళ్ళు పక్కన ఉండి ఆ మాట నేను ఒక్కసారీ వినలేదు. ఆయన చెప్పలేదో, నేను అడగలేదో.

అత్తయ్య దుప్పటి సర్దుకుంది. "అమ్మాయ్, చిన్నప్పుడు మీ ఇంట్లో నిన్ను ఏమని పిలిచేవాళ్ళు?"

అక్క కొంగు సర్దుకుంది. "నన్నా? ఏమీ లేదు పిన్నిగారూ. ఐదుగురు ఆడపిల్లల్లో నాలుగోదాన్ని. పెద్దదానికి ముద్దుపేరుంది, ఆఖరిదానికి ముద్దుపేరుంది. నన్ను 'ఏయ్' అనేవాళ్ళు."

అత్తయ్య చేతిలో దుప్పటి కాస్త కిందికి జారింది. కిటికీ అవతల మబ్బు ఇంకొంచెం దిగింది. నేను వేలు మీట మీద పెట్టి ఎదురుచూస్తున్నాను, ఇక నవ్వు రాదనే అనుకున్నాను.

"తమాషా ఏంటంటే," అంది అక్క తనలో తనే, "మా నాన్న వాకిట్లోంచి 'ఏయ్' అనేవాడా... ఎవర్ని పిలిచాడో తెలీక ఐదుగురం పరిగెత్తేవాళ్ళం. గుమ్మంలో ఐదుగురమూ ఇరుక్కునేవాళ్ళం. చివరికి మా కుక్క దూరిపోయి ముందు చేరేది!" పకపకా నవ్వింది. కళ్ళల్లో నీళ్ళొచ్చేలా, కుర్చీ కిర్రుమనేలా నవ్వింది. నవ్వి నవ్వి, ఒక పెద్ద ఊపిరి వదిలి, వాకిట్లో ఇంకా ఎవరో ఉన్నట్టు కిటికీ వైపు చూసింది.

నేను ఆయన వైపు చూడలేదు. నొక్కాను.

కెమెరా తెర మీద ఆ ముఖం వచ్చాక నలుగురం దాని చుట్టూ మూగాం. అక్క తన బొమ్మని చూసి, "ఇది చూస్తే నాకే ఓటెయ్యాలనిపిస్తోంది" అని, ముక్కు చీదుకుని, బన్నులు మాడిపోతున్నాయంటూ పరిగెత్తింది. ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన ఆ ఫోటోలో చెవి దగ్గర నీడ ఎక్కువైందని, దుప్పటి ఒక బెత్తెడు కిందికి దించాల్సిందని వంక పెట్టాడు. నేను రెండోసారి వడ్డించుకుని తిన్నాను.

మర్నాటి నుంచి ఆయన కుర్చీ పైకొచ్చింది. తలుపు దగ్గర ఎవరైనా "కిటికీ ఆవిడ ఉన్నారా" అంటే పైనుంచే, "ఆవిడా ఉంది, ఆవిడ మొగుడూ ఉన్నాడు, చెప్పులు విడిచి రండి" అని కేకేసేవాడు. ఇల్లు, స్టూడియో స్థలాలు మార్చుకుంటే పోలేదా అన్నది కూడా ఆయనే. పోలింగు ముందు ఆదివారం మంచాలు కిందికి దిగాయి, కంప్యూటర్ పైకెక్కింది. అత్తయ్య తన మంచం కిందికి పోయిందని రోజంతా సణిగింది, ఇక మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కే పని లేదని సాయంత్రానికి గుర్తొచ్చి సర్దుకుంది. మెట్లెక్కడం మాత్రం మానలేదు, దుప్పటి ఇంకెవరికీ ఇవ్వనంది.

ఓట్ల లెక్కింపులో లెక్కల మాస్టారు పందొమ్మిది ఓట్లతో గెలిచాడు. మూడుసార్లు లెక్క పెట్టించాడట, మొదటి రెండుసార్లు తనే నమ్మక. ఆ సాయంత్రం అక్క ఒక పళ్ళెం నిండా బన్నులు పెట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళి, "మాస్టారూ, మీ నవ్వు ఖరీదు పందొమ్మిది ఓట్లు" అని ఇచ్చి వచ్చింది.

మరో వారానికి ఇద్దరూ కలిసి మా మెట్లెక్కారు. వార్డు ఆఫీసులో పెట్టడానికి ఇద్దరి ఫోటో ఒకటి కావాలన్నాడు మాస్టారు. వీధి దీపాలూ కాలవలూ ఆవిడ చూసుకునేట్టు, లెక్కలు ఆయన చూసుకునేట్టు ఒప్పందమైందట.

అప్పుడు తెలిసింది చిక్కు. కిటికీ ఒక్కటే. పక్కపక్కన కూర్చోబెడితే ఒకరి మీద వెలుతురు, ఇంకొకరి మీద ఆ ఒకరి నీడ. గెలిచినాయన్ని నీడలో పెడితే ఒక అర్థం, ఓడినావిణ్ణి పెడితే ఇంకో అర్థం.

"ఇద్దర్నీ కిటికీకి ఎదురుగా నిలబెట్టు," అన్నాడు మా ఆయన. "వెలుతురు సమానంగా పడుతుంది."

"మరి నేనెక్కడ నిలబడను?"

"కిటికీలో."

దిమ్మ ఎక్కి, రెక్కల మధ్య కూర్చుని, వీపు రోడ్డు మీదకు పెట్టాను. ఇద్దరూ చట్రంలో పట్టలేదు. ఇంకొంచెం వెనక్కి జరగాలి. జరిగితే కింద రోడ్డే. దిగి, కెమెరా ఆయన ముందుకు చాపాను. ఆ పొద్దునే ఆయన కట్టు తీశారు. చెయ్యి సన్నబడి, ఎండ ఎరగక పాలిపోయి ఉంది గానీ, వేళ్ళన్నీ కదులుతున్నాయి.

"చెయ్యి బాగైందిగా. మీరు తియ్యండి. మీరైతే పొడుగు, ఇంకా వెనక్కి వాలగలరు."

ఆయన కెమెరా అందుకున్నాడు. ఆరు వారాల తరవాత దాని బరువు చూసుకుంటున్నట్టు ఒకసారి ఎత్తాడు, కన్ను పెట్టి చూశాడు, ఒక మీట తిప్పాడు. తిప్పి నా మెళ్ళో వేశాడు.

"నువ్వే తియ్యి. పడకుండా నేను పట్టుకుంటాను."

ఆయనా దిమ్మెక్కాడు. ఇద్దరు పట్టే కిటికీ కాదది. ఆయన భుజం ఒక రెక్కకి, నా భుజం ఇంకో రెక్కకి ఒత్తుకుపోయాయి. కొత్తగా బయటికొచ్చిన ఆ పాలిపోయిన చెయ్యి నా నడుం చుట్టూ వేసి గట్టిగా పట్టుకున్నాడు. నేను వెనక్కి వాలాను. కింద రోడ్డు మీద ఎవడో సైకిలు ఆపి, "పడిపోతారమ్మా!" అని అరిచాడు. అత్తయ్య దుప్పటి ముఖానికి అడ్డం పెట్టుకుని, "ఏం చూడాలో ఏం చూడకూడదో తెలీకుండా పోతోంది ఈ ఇంట్లో" అంది.

నొక్కాను.

ఆ ఫోటో ఇప్పటికీ వార్డు ఆఫీసులో ఉంది. అందులో మాస్టారూ అక్కా ఒకేసారి, ఒకేలా, దేన్నో చూసి ఆపుకోలేక నవ్వుతున్నారు. పనుల మీద వచ్చినవాళ్ళు ఏం చూసి నవ్వారని అడుగుతుంటారట. మాస్టారు గొంతు సవరించుకుని ఫైలు తిరగేస్తాడు. అక్క మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది: "కిటికీలో ఇరుక్కున్న మొగుడూపెళ్ళాల్ని చూసి."